వెనక్కి నడిచిన అలలు

ఆ వీడియో మొన్న మళ్లీ నా ఫోనుకు వచ్చింది. ఇప్పుడు నేను పనిచేస్తున్న స్కూలు లైబ్రరీలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే టీచరు పంపింది. నలభై సెకన్ల వీడియో. నడుముల్లోతు నీళ్లలో కొందరు జాలర్లు ఒళ్లంతా తెల్లచుక్కలున్న పెద్ద సొరచేపని తోకవైపు నుంచి ఒడ్డుకి ఈడ్చుకొస్తూ ఉంటారు. వెనకనుంచి గంభీరమైన గొంతు వినిపిస్తుంది: "అరుదైన ప్రాణిని మృత్యువు వైపు లాగుతున్న చేతులివి." వీడియో కింద టీచరు ఎర్రటి కోపం బొమ్మలు మూడు పెట్టి, "వీళ్లని జైల్లో పెట్టాలి" అని రాసింది.

వన్యప్రాణుల మీద సినిమాలు తీయాలని కలలు కంటున్న పిల్లలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. ఆ వీడియోలో ఉన్నది అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం నాది. నేను ఆ రంగంలో ఉన్నది నాలుగేళ్లు. రిటైరైన పెద్దలు చెప్పుకునేన్ని అనుభవాలు నాకు లేవు. ఉన్న ఈ ఒక్కటీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆఫీసు సీతమ్మధారలో ఒక కళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉండేది. కింద జనం కళ్లు చూపించుకునేవాళ్లు, పైన మేము జనానికి ఏం చూపించాలో నిర్ణయించేవాళ్లం. మొత్తం నలుగురం: దర్శకుడు, కెమెరామన్, ఎడిటర్, నేను. తీసిన ప్రతి షాటునీ చూసి, అందులో ఏముంది, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అని రాసిపెట్టడం నా పని. మనుషులతో మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకు ఆ పని నచ్చింది. చిన్నప్పటినుంచీ చర్చిలో వాక్యం చదవమంటే వెనక బెంచీకి జారుకునే పిల్లని. నోటితో చెప్పలేనిదంతా డైరీలో రాసుకునేదాన్ని. పుస్తకాలు చదువుతానని ఎవరికైనా తెలిస్తే కూడా సిగ్గుపడేదాన్ని.

దర్శకుడు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. పనిమంతుడు, అది కాదనను. పక్షి గూడు దగ్గర కదలకుండా తొమ్మిది గంటలు పడుకోగలడు. ఆయనకున్న ఓర్పంతా జంతువుల కోసమే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి, "కథలో విలన్ ఎవరు?" అనేవాడు.

ఆ ఏడాది మా సినిమా తీరంలో కనిపించే పెద్ద సొరల గురించి. ఇంగ్లీషులో వేల్ షార్క్ అంటారు. బస్సంత పెరుగుతుంది, మనిషి జోలికి రాదు, నోరు తెరుచుకుని నీళ్లలోని చిన్న చిన్న జీవుల్ని వడగట్టుకుని తింటుంది. చట్టం దృష్టిలో పులి ఎంతో అదీ అంతే. పట్టుకుంటే కేసు. సినిమా కోసం నగరం దాటాక ఉన్న ఒక జాలరిపేటకి నన్ను నాలుగైదుసార్లు పంపారు, చేపల స్థానిక పేర్లు రాసుకురమ్మని. అక్కడ అలివి వల లాగే జట్టుకి పెద్ద ఒకాయన ఉండేవాడు. అలివి అంటే పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి, రెండు కొసలూ ఒడ్డునుంచి నలభైమంది కలిసి లాగే వల. ఆయన భార్య రోజూ మా సీతమ్మధార వీధుల్లోనే చేపలు అమ్మేది. నాకు మాటలు రావని ఇద్దరికీ తొందరగానే తెలిసిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆయన పది చేపల పేర్లు చెప్పేసేవాడు. ఆవిడ మాత్రం ఏడిపించేది: "ఓలమ్మ, ఈ గుంట నోట్లో ఏటి, ముత్తెవేటైనా దాసిందేటి? తెరిత్తే రాలిపోద్దని బయవా?"

ఒకరోజు తెల్లవారగానే ఆయన ఫోన్ చేశాడు.

"పాపా, సుక్కల సొర పడింది వల్లో. ఒగ్గీడానికి సూత్తన్నాం. మీ కెమెరా వోల్లు వత్తారేటి? బేగి రండి. మేం ఆగినా అది ఆగదు."

చూడండి, సొరని వదిలేస్తున్నాం రమ్మని ఆయనే పిలిచాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మేం వెళ్లేసరికి సొర మోకాళ్లలోతు నీళ్లలో ఉంది. వల మధ్యలో చేపలు చేరే సంచిని ఆయన అప్పటికే చేతులారా కోసేశాడు. ఆ సంచి అల్లడానికి ఇంటిల్లిపాదికీ నెల పట్టిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరూ వల గురించి మాట్లాడలేదు. ఒకరు సొర మొప్పల మీద నీళ్లు పోస్తున్నారు, ఇంకొకరు పిల్లల్ని దూరంగా తరుముతున్నారు. "బావా, తలకాయి సముద్రం వైపు తిప్పు! తోక కాడ ఉండకు, కొడితే పళ్లు రాలిపోతాయి!" "నాకున్నవే నాలుగు బావా!" నవ్వులు. తల సముద్రం వైపు తిప్పారు. పదిహేనుమంది దాని ఒంటి మీద చేతులు ఆనించి, అల వచ్చినప్పుడు ఆగి, అల తీసినప్పుడు నెట్టి, అడుగడుగునా లోపలికి తీసుకెళ్లారు. ఛాతీలోతుకి వెళ్లాక అది తోక ఒక్కసారి ఊపింది. నలుగురు నీళ్లలో పడ్డారు. సొర వెళ్లిపోయింది. పడినవాళ్లు లేచి, చేతులెత్తి అరిచారు. నేను ఒడ్డున ఏడుస్తూ నిలబడ్డాను. కెమెరామన్ మొత్తం తీశాడు.

మా దగ్గర లేనిది ఒకటే, సొర వలలో చిక్కుకుని ఒడ్డుకి వచ్చే షాటు. మేం వెళ్లేసరికే అది అయిపోయింది.

ఎడిటింగు గదిలో దర్శకుడు తల పట్టుకున్నాడు. "పట్టుకోవడం చూపించకుండా వదలడం ఏం చూపిస్తామండీ? కంటతడి ఎలా వస్తుంది?" ఎడిటర్ కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ, "రివర్స్ కొట్టేద్దామా సర్? నెట్టేది లాగేదవుతుంది" అన్నాడు. కొట్టేశాడు. దగ్గర షాటు, కాస్త నెమ్మదిగా. సముద్రంలోకి సొరని నెడుతున్న మనుషులు ఇప్పుడు వెనక్కి వస్తూ దాన్ని ఒడ్డుకి లాగుతున్నారు. అడుగులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి వెనక్కి నడుస్తున్నారని తెలియదు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు నీళ్లు కనిపించాయి. విరిగి పరుచుకున్న నురుగు మళ్లీ పోగై, అలగా లేచి, వెనక్కి నడుచుకుంటూ పోయింది. వల పెద్దాయన గడ్డం చివరనుంచి ఒక నీటిచుక్క పైకి పాకి జుట్టులోకి దూరింది.

"సర్, నీళ్లు..." అన్నాను.

"నీళ్లేంటమ్మా?"

గదిలో ముగ్గురూ నావైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి.

"ఏం లేదు సర్."

ఇంటికి వెళ్లి డైరీలో రాసుకున్నాను: "చుక్క పైకి వెళ్లింది. నేను ఏం లేదు అన్నాను." రాసుకున్నాక ఏదో చేసినట్టు తృప్తి కూడా కలిగింది. మౌనంగా ఉండే మనుషుల్ని మంచివాళ్లంటారు. మా మంచితనంలో పిరికితనం ఎంత పాలు ఉంటుందో మాకు తెలుసు, బయటికి చెప్పుకోం.

సినిమా ఛానల్‌కి పంపేముందు ఒక కాగితం నింపాలి. ఒక్కో దృశ్యానికీ ఒక్కో గడి: ఎక్కడ జరిగింది, జరిగినట్టే చూపించారా, మార్చారా. ఆ కాగితం నింపి సంతకం పెట్టాల్సింది షాటులన్నీ రాసిపెట్టే మనిషి, అంటే నేను. ఆ గడి దగ్గర నా పెన్ను ఆగింది. దర్శకుడు భుజం వెనకనుంచి చూసి మెత్తగా అన్నాడు, "రెండు నిమిషాల తర్వాత వదిలేయడం కూడా చూపిస్తున్నాం కదమ్మా. వాళ్లని హీరోల్నే చేస్తున్నాం. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

"జరిగినట్టే" అని రాశాను. సంతకం పెట్టాను.

సినిమాకి ప్రచారం కోసం ఛానల్ వాళ్లు చిన్న ముక్క కత్తిరించుకున్నారు. లాగడం వరకే ఉంచారు. వదిలేయడం సినిమాలో చూడాలన్నమాట. గంభీరమైన గొంతు పెట్టారు. రెండు రోజుల్లో ఆ ముక్క ఊరంతా తిరిగింది. ప్రాణుల మీద ప్రేమ ఉన్నవాళ్లంతా కింద బూతులు రాశారు. ఆ మాటలు నేను చదివాను. సొరని ప్రేమించేవాళ్లు మనిషి చేతులు నరకాలని ఎంత సులువుగా రాస్తారో! ఎవరో ఫిర్యాదు పెట్టారు. అటవీశాఖ వాళ్లు పేటకి వెళ్లి, వీడియోలో మొహం స్పష్టంగా కనిపించిన వల పెద్దాయన పేరు రాసుకుని, పడవకీ వలకీ సీలు వేశారు. విచారణ అయ్యేదాకా సముద్రంలో వల దింపకూడదు. కేసు నిలబడితే ఆయనకి జైలు.

ఆ మర్నాడు ఆయన భార్య చేపల తట్టతోనే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. తట్టలో చేపల్లేవు. ఫోను దర్శకుడి బల్ల మీద పెట్టింది.

"ఇది సూడండి బాబూ. సముద్రం ఎనక్కెల్తంది! మా ఆయన ఎనక్కి నడుత్తన్నాడు! దెయ్యవేటి ఆడు, పాదాలు ఎనక్కి తిరగడానికి?" అని పెద్దగా నవ్వింది. మా ఎడిటర్ కూడా నవ్వబోయాడు. ఆవిడ నవ్వు అక్కడే ఆగింది. "మా పేటలో సంటిగుంట సూసి సెప్పింది, ఇది ఎనకనుంచి తిప్పీసారని. మీరు సదుంకున్నోల్లు గదా. మీకు కనపడనేదా?"

దర్శకుడు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "పూర్తి సినిమాలో మీ ఆయన్ని చాలా గొప్పగా చూపించామమ్మా. వచ్చే నెలలో టీవీలో వస్తుంది. అందరికీ తెలిసిపోతుంది."

"టీవీలో వచ్చీదాకా మా మొగోల్లు ఏటి సెయ్యాల? ఒడ్డున కూకుని అలలు ఎనక్కెల్తన్నాయా ముందుకెల్తన్నాయా అని లెక్కెట్టాలా?"

టీ ముట్టుకోలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర నావైపు చూసింది. ఏడిపిస్తుందేమో అనుకున్నాను. ఖాళీ తట్ట ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

వీడియో తిప్పి పెట్టామని అటవీశాఖకి ఒక ఉత్తరం రాసివ్వమని దర్శకుణ్ణి అడిగాను. నా నాలుగేళ్లలో నేను ఆయన్ని అడిగింది అదొక్కటే. "ఉత్తరం ఇస్తే ఛానల్ సినిమా వెనక్కి పంపేస్తుంది. ఆ తర్వాత మనకి ఎవరు పనిస్తారు? అయినా అక్కడ నాకు తెలిసినవాళ్లున్నారు, మెల్లిగా మాట్లాడి సర్దేస్తాను. పెద్ద లక్ష్యం చూడమ్మా. ఆ సినిమా చూసి ఎన్ని సొరలు బతుకుతాయో ఆలోచించు" అన్నాడు. ఈ 'పెద్ద లక్ష్యం' అనే మాట మీరు కూడా వింటారు. విన్న వెంటనే ఆ లక్ష్యం కింద ఎవరు నలుగుతున్నారో వెతకండి. ఎవరో ఒకరు ఉంటారు.

మా నాన్న ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇనుము కోసే లేత్ మిషను మీద పనిచేస్తారు. రెండు రోజులు నేను అన్నం కెలుకుతుంటే చూసి అడిగారు. చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"మా కాడ సరుకు పాడైతే, కోసినోడిని తరవాత అడుగుతారు. ముందు సూసేది స్టాంపు. బాగుంది అని స్టాంపు కొట్టింది ఎవులు?"

"నేనే నాన్నా."

"మరి ఇంకా ఏటి ఆలోసిత్తన్నావు?"

విచారణ రోజు అటవీశాఖ రేంజి ఆఫీసుకి వెళ్లాను. నా సంచిలో తీసినది తీసినట్టు ఉన్న ఫుటేజీ కాపీ ఉంది. ఆఫీసు హార్డ్ డిస్కునుంచి అడక్కుండా తెచ్చాను. బెంచీ మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయన జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేకపోయాను.

ఆఫీసరు మంచివాడే, అలిసిపోయిన మనిషి. వీడియో ఫోనులో మళ్లీ వేశాడు. "కళ్లకి కనిపిస్తోంది కదయ్యా. లాగుతున్నది నువ్వే కదా?"

"నానే సారు. అలని సూడండి."

"అలని ఎందుకు చూడాలి? నిన్ను చూస్తున్నాను."

నేను ముందే కాగితం మీద రాసుకెళ్లాను, చూసి చదవడానికి. చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. "సర్, ఆ వీడియో తిప్పి పెట్టింది" అన్నాను. గొంతు సరిగా రాలేదు. ఆయన "ఎవరమ్మా నువ్వు? గట్టిగా చెప్పు" అన్నాడు. ఎవరినో చెప్పి ఇంకోసారి అన్నాను. ఈసారి మరీ గట్టిగా వచ్చింది, పక్క గదిలో టైపు చేస్తున్నాయన తలుపు దగ్గరికొచ్చి చూశాడు. ఫోను అందుకుని, చుక్క గడ్డంనుంచి జుట్టులోకి పాకేచోట ఆపాను. వెనక్కీ ముందుకీ జరిపి చూపించాను. తర్వాత అసలు ఫుటేజీ పెట్టాను. గదిలో సముద్రం హోరు, "నాకున్నవే నాలుగు బావా" అన్న అరుపు వినిపించాయి. బెంచీ మీదున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరు చాలాసేపు చూశాడు. తర్వాత ఫైలు తెరిచి ఒక కాగితం నాముందు పెట్టాడు. "మేం సంజాయిషీ అడిగితే మీ వాళ్లు ఇది పంపారు. దృశ్యం జరిగింది జరిగినట్టే అని ఉంది. ఈ సంతకం ఎవరిది?"

నాది. నా గుండ్రటి చేతిరాత. మెల్లిగా మాట్లాడి సర్దేస్తానన్న మనిషి, సినిమాని కాపాడుకోడానికి నా కాగితాన్ని ఆ జాలరి మెడకి కట్టాడు. నాకు మాట చెప్పి, ఇది పంపాడు. నా సిగ్గంతా అక్కడ, ఆ బల్ల ముందు కోపంగా మారిపోయింది. ఇప్పటికీ పూర్తిగా వెనక్కి మారలేదు.

"నాదే సర్. అబద్ధం రాశాను."

"ఆ మాటే రాసిస్తావా? నీకు ఇబ్బంది అవుతుంది, ఆలోచించుకో."

"కాగితం ఇవ్వండి."

రాయడం నాకు వచ్చిన పనే కదా. రెండు పేజీలు రాశాను. ఎవరు తిప్పమన్నారు, ఎవరు తిప్పారు, ఎవరు చూసి ఊరుకున్నారు, ఎవరు సంతకం పెట్టారు. నా గురించిన వాక్యాలే ఎక్కువ వచ్చాయి. డైరీలో ఆ రోజు రాసుకున్న పేజీ చింపి దానికి జతచేశాను.

విచారణ అయిన ఐదో రోజున సీలు తీసేశారు. కేసు మూసేశారు. మా ఆఫీసులో నా కుర్చీ అంతకంటే ముందే ఖాళీ అయింది. దర్శకుడు ఫోన్ చేసి ఒక్క మాట అన్నాడు, "సొరలకి ద్రోహం చేశావు" అని. ఛానల్ ఆ దృశ్యం తీసేసి సినిమా వేసింది. బాగుందన్నారు. తప్పు జరిగిందని ఎక్కడా ఒక్క అక్షరం వేయలేదు. ఆ నలభై సెకన్ల ముక్క మాత్రం ఎవరూ తీసేయలేదు, తీసేయడం ఇక ఎవరి చేతిలోనూ లేదు. తిరుగుతూనే ఉంది.

విచారణ రోజు రేంజి ఆఫీసు బయట, ఆ భార్యాభర్తలు ఆటో ఎక్కేముందు, వల పెద్దాయన దగ్గరికి వెళ్లి "క్షమించండి బాబాయ్" అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మేం ఒగ్గీసిన సొరని మీరు మల్లా పట్టీసారు పాపా" అన్నాడు. ఆటోలో కాలు పెడుతూ, తనలో తను అనుకున్నట్టు, "నిన్ను పిలిసింది నానే గదా" అన్నాడు.

ఆయన భార్య ఇప్పటికీ సీతమ్మధారలోనే, మా స్కూలు ఉన్న వీధిలో చేపలు అమ్ముతుంది. మొదట్లో నన్ను చూసి తల తిప్పుకునేది. పోయినేడు ఒకరోజు తనే ఆగి, తట్ట దించి, చేపలు సర్దుతూ చెప్పింది.

"మల్లా పడింది, సుక్కల సొర. ముందు దానికన్నా పెద్దది. వల కోసీసి ఒగ్గీసారు."

"ఎప్పుడు పిన్నీ? నాకు తెలియలేదే."

"ఎవులికీ సెప్పనేదు. పోన్లన్నీ ఓ బుట్టలో ఏయించీసి, నన్ను కాపలా ఎట్టి, అప్పుడు దిగారు నీల్లలోకి. ఓ గుంటడు పోటో తీత్తానంటే మీ బాబాయ్ ఈపు పగలగొట్టీబోనాడు." తట్ట ఎత్తుకుంటూ నావైపు చూసి నవ్వింది. "పోన్లే, నోరు తెరిసావు నువ్వు. ముత్తెం రాలింది గానీ."

మొన్న ఆ టీచరుకి ఫోను చూపించి, నీళ్లు చూడండి అన్నాను. మూడుసార్లు చూసినా ఆవిడకి తెలియలేదు. చుక్క దగ్గర వేలు పెట్టి చూపిస్తే "అయ్యో" అంది. మీరు ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఈ సంగతి రాయండి అన్నాను. "ఇప్పుడు అదంతా ఎందుకులెండి" అంది. రాసేదాకా ఆవిడ బల్ల దగ్గరే నిలబడ్డాను. పదకొండుమందికి రాసింది, మొహం మాడ్చుకుని. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. ఫర్వాలేదు.

ఆ రెండో సొర బొమ్మ ఏ కెమెరాలోనూ లేదు. దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.